చెట్టును నరకకుండ తూచుట ఎట్లు?

బాట వెడల్పు చేయునపుడు అడ్డు వచ్చిన వేపచెట్టును, అనుమతి పొందిన పిమ్మట, పంచాయతీ వేలము వేయవలసి వచ్చును. పాటదారు దానిని కంటితో చూచి ఒక బరువు చెప్పును. సభ్యులు మరొకటి చెప్పుదురు. రెండింటికిని ఆధారము లేదు.

వర్షారణ్యములను పరిశీలించు శాస్త్రజ్ఞులకును ఇదే చిక్కు కలిగినది. అడవినంతయు నరికి తూచలేరు గదా! అందుచే కొన్ని చెట్లను మాత్రము నరికి, ఎండించి, తూచి, కాండపు లావు, ఎత్తు, కలప సాంద్రతలకు బరువుతో గల సంబంధమును గణాంకశాస్త్ర రీతిని కనుగొనిరి. 2014లో జెరోమ్ షావ్, ఆయన సహచరులు ఉష్ణమండలమున 58 చోట్ల తూచిన 4,004 చెట్ల లెక్కలనుండి ఒక సూత్రమును ప్రకటించిరి.

వేపచెట్టునే తీసికొందము. నేలకు నాలుగున్నర అడుగుల పైన చుట్టుకొలత 157 సెంటీమీటర్లైనచో వ్యాసము 50. ఎత్తు తెలియుటకు చెట్టెక్కనక్కరలేదు. ఉప్పల్‌లోని భారత సర్వే శాఖ శిక్షణ సంస్థలో కోణములు కొలుచు విద్య నేర్పుదురు. మనకు మీటరు కర్ర చాలును. కర్ర నీడ మీటరున్నర, అదే వేళకు చెట్టు నీడ 18 మీటర్లు అయినచో చెట్టెత్తు 12 మీటర్లు. వేప సాంద్రత 0.69 అనుకొందము. సాంద్రతను, వ్యాసపు వర్గమును, ఎత్తును గుణింపగా 20,700. దాని 0.976వ ఘాతమును 0.0673 చేత గుణించిన సుమారు 1,100 కిలోలు. ఘాతమును కార్యదర్శి ఫోనే కట్టిపెట్టును, బెదరనక్కరలేదు.

అదే ఎత్తుగల చెట్టు చుట్టుకొలత సగమైనచో బరువు సగము కాదు, దాదాపు నాలుగవ వంతు, 285 కిలోలు మాత్రమే. కావున టేపు వదులుగా పట్టరాదు.

ఇది వేళ్లు గాక, తేమ లేని ఎండు బరువు. పచ్చికలప కాటాలో ఇంకను ఎక్కువ తూగును; పాటదారుతో మాటలాడునపుడు ఇది మరువరాదు. పైగా ఒక్క చెట్టు విషయమున లెక్క మూడవవంతు వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు తప్పవచ్చును. వందల చెట్లను కూడినపుడు హెచ్చుతగ్గులు చాలవరకు సరిపడును. ఒకప్పటి పల్లెలై నేడు హైదరాబాదు నగరమున కలిసిన ఉప్పల్, నాచారములలో వలె, తీగలకు అడ్డమని కొమ్మలు కొట్టివేసిన చెట్లకు, తొర్రపడిన మానులకు ఈ సూత్రము ఎక్కువ బరువు చూపును.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము వచ్చినది మొదలు ఊరూర నర్సరీలు వెలసినవి. నాటిన మొక్కల సంఖ్య పుస్తకమున కలదు. ఎదిగిన చెట్లకు చుట్టుకొలత గడి యొకటి చేర్చి, ఏటేటా అదే నెలలో, అదే ఎత్తున కొలిచి వ్రాయుడు.