గంట కొట్టని హాస్టల్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కాకతీయలో ఎమ్మెస్సీ బాటనీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెబుతుంటే వెనకాల నీ గొంతు కూడా వినబడింది. హాస్టల్ వద్దట, హనుమకొండ నయీంనగర్‌లో మన దుమ్ముగూడెం పిల్లలు నలుగురు కలిసి రూము తీసుకుంటారట. మీ అమ్మ భయం వేరు, నా అభ్యంతరం వేరు. ఊరుకాని ఊర్లో ఒంటరిదానివి అయిపోతావేమోనని ఆమె భయం. అక్కడికి పోయి కూడా మనవాళ్ల మధ్యనే ఉండిపోతావేమోనని నా బెంగ.

నీ కోరిక నాకు అర్థం కాక కాదు. మూడో తరగతిలో ఆశ్రమ పాఠశాలకు పోయావు, తర్వాత గురుకులం, డిగ్రీ కూడా గురుకుల కాలేజీలోనే. లేవడానికి గంట, ప్రార్థనకు గంట, స్టడీ అవర్‌కు గంట, పడుకోవడానికి గంట. ఇన్నేళ్లు అది విన్న పిల్లకు సొంత తాళంచెవి మీద మోజు పుట్టడంలో వింతేముంది? ఉద్యోగమంతా వార్డెన్‌గా ఆ గంట కొట్టించినవాణ్ని, నాకే అప్పుడప్పుడు విసుగొచ్చేది.

కానీ యూనివర్సిటీ హాస్టల్లో ఆ గంట ఉండదు. లేపేవాళ్లు లేరు, పుస్తకం తీశావా అని అడిగేవాళ్లు లేరు. రాత్రి గేటు వేసే వేళ ఒకటుంటుంది, ఊరికి పోతే రాసివ్వాల్సిన లెటరు ఒకటుంటుంది. ఇంటి ఓనరు పెత్తనం అంతకంటే ఎక్కువ. ఎవరొచ్చారు, మోటరు ఎంతసేపు వేశారు, లైటు ఎందాక వెలిగింది, ఎండుచేపలు ఎందుకు వండారు, అన్నీ అడుగుతాడు. వార్డెన్ మాట నచ్చకపోతే పదిమందీ కలిసి పోయి అడగొచ్చు, పరిపాలనా భవనం ముందు బైఠాయించవచ్చు. ఓనరు ఖాళీ చేయమంటే మాత్రం సామాను సర్దుకోవాల్సిందే.

ఇక డబ్బు సంగతి. రూముకు అడ్వాన్సు, అద్దె, గ్యాసు, కరెంటు బిల్లు, బియ్యం. ప్రైవేటు హాస్టలైతే ఎంతమంది షేరింగ్ అన్నదాన్ని బట్టి రేటు. పోయేటప్పుడు అడ్వాన్సులో ఏదో వంకన కోస్తారు. ఇవన్నీ నెలనెలా చేతి నుంచి పోయేవి. స్కాలర్‌షిప్పు ఎప్పుడు పడుతుందో ఈపాస్ పోర్టల్‌కే తెలియదు. హాస్టల్లో ఉండేవాళ్లకు మెయింటెనెన్సు ఎక్కువ, డే స్కాలరుకు తక్కువ. బయట రూము తీసుకున్నావంటే ఖర్చు పెరిగి రాబడి తగ్గుతుందన్నమాట. హాజరు 75 శాతం లేకపోతే అదీ ఆగుతుంది. నలుగురిలో వంట వంతు నీదైన రోజు పొద్దుటి క్లాసు పోతుంది చూడు, ఆ లెక్క ఎవరూ వేసుకోరు.

తిండి గురించి నీకు అబద్ధం చెప్పను. ఇంటర్ నుంచి పీజీ దాకా ప్రభుత్వ హాస్టల్ పిల్లల డైట్ ఛార్జీని 2024 చివర్లో నెలకు 1500 నుంచి 2100 రూపాయలు చేశారు. రోజుకు 70 రూపాయలు. మూడు పూటలకు అందులో ఏం వస్తుందో దుమ్ముగూడెం హోటల్లో టిఫిను తిన్నవాళ్లెవరైనా చెబుతారు. నీళ్ల చారు ఉంటుంది, రాళ్ల బియ్యం కూడా తగలొచ్చు. యూనివర్సిటీ మెస్‌లు చాలాచోట్ల డివైడింగ్ పద్ధతిలో నడుస్తాయి. నెలంతా అయిన సరుకుల ఖర్చును తిన్నవాళ్ల రోజులతో భాగిస్తారు. పేరు లేకుండా వచ్చి తినిపోయేవాళ్లు, అంటే నాన్ బోర్డర్లు, ఎంతమంది ఉంటే నీ బిల్లు అంత పెరుగుతుంది. అందుకే మెస్ కమిటీలోకి మొదటి ఏడాదే దూరు. స్టాకు రిజిస్టరు ఎట్లా చూడాలో నేను నేర్పిస్తాను. నూనె డబ్బాల లెక్క, గ్యాసు సిలిండర్ల లెక్క పక్కపక్కన పెట్టి చూస్తే వంటింటి సంగతి సగం తెలిసిపోతుంది. ఊరికి పోయేముందు మెస్‌కు రాసిచ్చి పో, ఆ రోజుల బిల్లు తగ్గుతుంది. బకాయి మిగిలితే చివర్లో నో డ్యూస్ సంతకం పెట్టరు, టీసీ రాదు. మన పిల్లల సర్టిఫికెట్లు ఇట్లా ఆఫీసుల్లో ఇరుక్కోవడం చూశాను.

ఇదంతా ఓర్చుకుని హాస్టల్లోనే ఎందుకు ఉండాలంటే, నీకు కావలసిన కబురు అక్కడే దొరుకుతుంది. ఎస్టీ విద్యార్థులకు పీహెచ్‌డీ కోసం కేంద్రం ఏటా 750 జాతీయ ఫెలోషిప్పులు ఇస్తుంది. దానికి ఎప్పుడు అప్లై చేయాలో, సీఎస్ఐఆర్ నెట్‌కు ఏ పుస్తకం చదవాలో, ఏ ప్రొఫెసర్ దగ్గర ఖాళీ ఉందో నోటీసు బోర్డు చెప్పదు. పక్క గదిలో రీసెర్చ్ చేసే అక్క రాత్రి బట్టలు ఆరేసుకుంటూ చెబుతుంది. మన నలుగురు పిల్లలూ ఒకే రూములో ఉంటే నలుగురికీ తెలిసింది ఒక్కటే, తెలియనిదీ ఒక్కటే.

రూమ్మేటు కరీంనగర్ పిల్ల కావచ్చు, నల్లగొండ పిల్ల కావచ్చు. నువ్వు మీ అమ్మతో ఫోన్‌లో కోయ మాట్లాడితే మొదట్లో నవ్వుతారేమో. గొంతు తగ్గించకు. నెల తిరిగేసరికి వాళ్లే నాలుగు ముక్కలు నేర్చుకుంటారు. నీ సబ్జెక్టు బాటనీ. ఇప్పచెట్టు ఎప్పుడు పూస్తుందో, తునికాకు ఏ ఎదుగుదలలో కోయాలో పుస్తకం చూడకుండా చెప్పగలిగేది ఆ క్లాసులో నువ్వొక్కదానివే కావచ్చు.

హాస్టల్ అంటే పేదపిల్లల సత్రం అని ఎవరైనా తీసిపారేస్తే ఒక ముక్క గుర్తుంచుకో. నిజాం కాలంలో పల్లెల నుంచి హైదరాబాదు వచ్చిన తెలుగు పిల్లలకు తలదాచుకునే చోటు లేకనే తర్వాత కొత్వాలు అయిన వెంకట్రామారెడ్డి 1918లో రెడ్డి హాస్టల్ పెట్టించారు. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడారని పిల్లల్ని బయటికి పంపితే నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. హనుమకొండలో చదివిన పి.వి. నరసింహారావు కూడా అట్లా నాగపూర్ పోయినవారే. కాకతీయ యూనివర్సిటీ పుట్టిందే 1976లో. అప్పటిదాకా ఈ అడవి పిల్లలకు యూనివర్సిటీ అంటే హైదరాబాదే, హైదరాబాదు అంటే పోలేని దూరమే. ఇప్పుడు ములుగులో సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయం కూడా వచ్చింది, 2023లో పార్లమెంటు చట్టం చేసింది. అది ఇంకా నిలదొక్కుకుంటోంది. నీ తమ్ముడి వేళకు బాగుపడుతుందేమో.

సీనియర్ల పరిచయాలు శ్రుతి మించితే ఊరుకోకు. ఆడపిల్లల హాస్టల్లో ర్యాగింగేమిటని అనుకోవద్దు. 2023 డిసెంబరులో ఇదే యూనివర్సిటీలో డెబ్బై మందికి పైగా విద్యార్థినులను ఒకేసారి సస్పెండ్ చేశారు. పేరు అడగడం, పాట పాడమనడం దాకా నవ్వుతూ సర్దుకో. నిలబెట్టి అవమానిస్తే వార్డెన్‌కు రాతపూర్వకంగా ఇవ్వు, నకలు దగ్గర పెట్టుకో. అక్కడ పని కాకపోతే 1800-180-5522కు ఫోన్ చెయ్యి, ర్యాగింగ్ ఫిర్యాదులకు దేశమంతటికీ అదే నంబరు.

మొదటి విడతలో హాస్టల్ సీటు రాకపోవచ్చు. అప్పుడు గిరిజన సంక్షేమ శాఖ పోస్ట్ మెట్రిక్ హాస్టల్లో అడుగు. అదీ ఆలస్యమైతే ఒక్క నెలకని చెప్పి ప్రైవేటు హాస్టల్లో చేరు, ఏడాది అగ్రిమెంటు మాత్రం రాయకు. సీటు వచ్చిన రోజే మారిపో.

రాకపోకల విషయంలో గోదావరిని చూసి అడుగు వేయాలి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు బ్రిడ్జి మీద రాకపోకలే ఆపేశారు, చర్ల రోడ్డు ఎటూ మునిగింది. వానాకాలంలో పరీక్ష ఉంటే వారం ముందే హాస్టల్ చేరు. కొత్తల పండక్కి రావాలనిపిస్తుంది, వస్తే రా, రికార్డులు ముందే రాసేసుకుని రా. మేడారం జాతర ఏడాది హాస్టల్ సగం ఖాళీ అవుతుంది, ఆ నాలుగు రోజులు ల్యాబు నీదే అనుకో.

కుల, ఆదాయ సర్టిఫికెట్లు మీసేవలో ఈ వారమే తీసుకో. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిసిందో లేదో ఒకసారి చూడు. జిరాక్సులు ఎక్కువ తెచ్చుకో, కేయూ క్రాస్ రోడ్ దగ్గర అడ్మిషన్ల రోజుల్లో క్యూ పెద్దది. దోమతెర, తాళం, స్టీలు ప్లేటు చాలు. బకెట్ అక్కడే కొందాం.

హాస్టల్ డిపాజిట్‌కు సరిపడా డబ్బు మీ అమ్మ ఖాతాలో వేశాను. తునికాకు డబ్బు దీనికి తీయొద్దని చెప్పు, అది మీ తమ్ముడి పుస్తకాలకు. ఏటూరునాగారం మీదుగా పోయే పొద్దుటి బస్సు ఎక్కు. ములుగు దాటగానే ఫోన్ చేస్తే హనుమకొండ బస్టాండులో ఉంటాను.

మీ మామయ్య