ఇంటి ప్రక్క ఇంటి లెక్క

తెగులు కాలమున పనికి పోవు తలిదండ్రులను ఆదుకొనుటను గూర్చిన పాఠము

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 2:1–10, 12:1–6, 21–22, అపొస్తలుల కార్యములు 6:1–6.



పని మానినచో పొయ్యిమీదికి కుండ ఎక్కదు. పనికి పోయినచో పసివానిని చూచు దిక్కు లేదు. కరోనా తెగులు ప్రబలిన 2020, 2021 సంవత్సరములలో మన పల్లెలలోని తలిదండ్రులనేకులు ఈ రెండింటి నడుమ నలిగిపోయిరి. అట్టి యింటికి సంఘము ఏ విధముగా అండగా నిలువవలెనో ఈ మాసపు పాఠములో ధ్యానింతము.

ఆ తెగులు విషయమైన అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5వ తేదీన ప్రకటించెను గదా, తీరిన సంగతిని మరల త్రవ్వనేల యని కొందరడుగవచ్చును. వాన కురియుచుండగా ఇల్లు కప్పుకొనజాలము. ఎండ కాయునప్పుడే కప్పుకొనవలెను. ఏటేట వానకాలమున డెంగీ, మలేరియా జ్వరములు వచ్చి ఏదో ఒక యింటిని ఇదే అవస్థలోనికి త్రోయుచున్నవి. గనుక ఈ పాఠము గతించినదానిని తలచి దుఃఖించుటకు కాదు, రాబోవుదానికి సిద్ధపడుటకే.

1. ఇల్లు ఎట్లు నలిగెను?

2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చెను. అంతకు ముందే బడులు, అంగన్‌వాడీలు మూయబడెను. అది దాళ్వా వరి కోతకు వచ్చు కాలము, మిరపకాయ చేలమీదనున్న కాలము. పైరు ఎవరికొరకును ఆగదు గనుక ప్రభుత్వము మార్చి 27న వ్యవసాయపు పనులకు మినహాయింపు ఇచ్చెను. ఏప్రిల్ 20నుండి ఉపాధి హామీ పనులకును అనుమతి కలిగెను. కూలివారికి ఇది మేలే. అయితే పని తెరువబడెను గాని బడి తెరువబడలేదు. తెలంగాణలో ప్రాథమిక తరగతుల పిల్లలు 2020 మార్చి నడుమ బడి విడిచి, మరల 2021 సెప్టెంబరు 1న గాని బడిలో కూర్చుండలేదు. అనగా పదునేడు నెలలకు పైమాట.

బడి యనగా అక్షరములు మాత్రమే కాదు. అది మధ్యాహ్నపు అన్నము. తల్లి చేనిలోనుండగా బిడ్డను ఒక పెద్దమనిషి కన్నుల యెదుట ఉంచుట. అంగన్‌వాడీ సరుకులను ఇంటికి చేర్చగలిగిరి గాని, ఆయా ఒడిని ఇంటికి చేర్చుట ఎవరి తరము?

2020 సెప్టెంబరు 1నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరిలోను టీశాట్‌లోను పాఠములు ప్రసారము చేసిరి. అది మంచి ప్రయత్నమే. కాని టీవీ యెదుట చిన్నవానిని కూర్చుండబెట్టువారెవరు? ఇంటిలో ఒకటే ఫోను ఉండి, దానిని తండ్రి పనికి తీసికొనిపోయినప్పుడు పాఠము దేనిలో చూచుట?

ఇట్టి సమయమున మన పల్లెలలో మొదట గుర్తుకు వచ్చునది అమ్మమ్మ, నానమ్మ. అయితే ఆ తెగులు వృద్ధులనే ఎక్కువగా హరించునది. మనుమని ఎత్తుకొనుటయే ఆమెకు అపాయమైనది. కాగా చాల యిండ్లలో భారము పదేండ్ల పెద్ద కుమార్తెపై పడెను. చంటివానిని చంకనెత్తుకొని అన్నము వండిన ఆ చిన్నదాని పాఠము ఎవరును లెక్కింపలేదు.

ఇక ఆశా కార్యకర్తల యిండ్లు, నర్సుల యిండ్లు వేరు. వారు రోగుల యొద్దకు వెళ్లక తప్పదు; ఇంటికి వచ్చి బిడ్డను ముట్టుకొనుటకు భయము. పొరుగువారు వారి పిల్లలను దగ్గరకు రానీయని చోట్లును కలవు. వైద్యసిబ్బందిపై దౌర్జన్యమును, వారు నివసించుటకు పనిచేయుటకు అడ్డుపడు వేధింపును శిక్షింపదగిన నేరముగా ఎంచుచు 2020 ఏప్రిల్ 22న కేంద్ర ప్రభుత్వము ఒక ఆర్డినెన్సు తేవలసివచ్చెను. ఆశా కార్యకర్తల సేవను 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సన్మానించెను. సన్మానము మంచిదే గాని, ఆమె ఇంట దీపము పెట్టుటకు ఎవరు వెళ్లిరని ప్రభువు మనలను అడుగునేమో ఆలోచింతము.

2. ఒక బిడ్డ, ముగ్గురు స్త్రీలు

నిర్గమకాండము రెండవ అధ్యాయములో మోషే తల్లి కథ మనకు సుపరిచితము. ఆరవ అధ్యాయము ఆమె పేరు యోకెబెదు అని తెలుపుచున్నది. శిశువులకు చావు పొంచియున్న దినములవి. ఆమె మూడు నెలలు బిడ్డను దాచెను. ఆపైన దాచుట ఆమె వశము కాకపోయెను. తన శక్తి తీరినదని తెలిసికొనిన ఈ తల్లిని వాక్యము ఒక్క మాటతోనైనను తప్పు పట్టలేదు. ఇది గమనింపదగినది. పిల్లలను విడిచి పనికి పోయినదని తల్లిని ఆక్షేపించుట మన వీధులలో సులువు. ఆమె ఎందుకు విడిచి పోవలసివచ్చెనో అడుగుట కష్టము.

ఆ బిడ్డ ఎట్లు బ్రదికెను? తల్లి పెట్టె అల్లి జిగట మన్నును కీలును పూసెను. అక్క దూరమున నిలిచి కనిపెట్టెను. రాజకుమార్తె ఎత్తుకొనెను. ఒక్క బిడ్డకు ముగ్గురు కావలసివచ్చిరి. వారిలో ఒకతె ఆ యింటిది కాదు, ఆ జాతిది కాదు.

మరియొకటి చూడుడి. బిడ్డకు పాలిచ్చి పెంచినందుకు జీతమిచ్చెదనని రాజకుమార్తె చెప్పెను. పిల్లలను పెంచుట పని కాదనువారికి ఈ మాట చాలును. 2005 నాటి ఉపాధి హామీ చట్టములోను ఇట్టి నియమమే యుండెను. పనిచోటికి తల్లులతోకూడ ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురు గాని అంతకు మించి గాని వచ్చినచో, ఆ స్త్రీలలో ఒకతెను పిల్లలను చూచుటకు నియమించి ఆమెకును కూలి ఇయ్యవలెను. మట్టి త్రవ్వుటయు పని, బిడ్డను కాచుటయు పని.

మోషే అక్క ఏటి యొడ్డున కొంతసేపు నిలిచెను. మన యిండ్లలోని అక్కలు పదునేడు నెలలు నిలిచిరి. వారిలో బడికి మరల వెళ్లనివారుండినయెడల వారిని వెదకి బడికి చేర్చుట సంఘమునకు తీరని బాకీ.

3. తలుపులు మూసికొనిన రాత్రి

పండ్రెండవ అధ్యాయములో ఐగుప్తుమీద తెగులు వచ్చు రాత్రి ఉన్నది. ఉదయమువరకు ఎవడును గుమ్మము దాటకూడదని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ కలిగెను. లాక్‌డౌన్ చూచిన మనకు ఈ మాట క్రొత్తగా వినబడుచున్నది గదా! అయితే తలుపులు మూయుటకు ముందే దేవుడు ఒక లెక్క వేయించెను. ఇంటికొక గొఱ్ఱెపిల్ల. ఇల్లు చిన్నదై గొఱ్ఱెపిల్ల ఎక్కువైనచో, ప్రక్క యింటివానితో కలిసి, మనుష్యులను లెక్కించి, ఒక్కొక్కని భోజనమును బట్టి పంచుకొనవలెను.

ఇందులో మూడు సంగతులు కలవు. మొదటిది, తలుపు మూయబడినను చిన్న యిల్లు ఒంటరిగా విడువబడలేదు. రెండవది, ఎవరో దూరపు ధనికుడు కాదు, గోడ ప్రక్కనున్నవాడే తోడు. మూడవది, ఈ లెక్క ఆ రాత్రి వేసినది కాదు. పదియవ దినమున గొఱ్ఱెపిల్లను ఏర్పరచి పదునాలుగవ దినమువరకు ఉంచుకొనిరి. తెగులు గుమ్మమునొద్దకు రాకమునుపే ఎవరు ఎవరితో కలియుదురో ప్రతి యింటికి తెలిసియుండెను.

ప్రేమకు లెక్క అవసరమా యని అడుగుదురేమో. యెరూషలేము సంఘములో ప్రేమకు కొదువ లేదు. అయినను అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రు చిన్నచూపునకు గురియైరి. అపొస్తలులు అందరును శ్రద్ధ వహింపుడని చెప్పి ఊరకుండలేదు. ఏడుగురిని పేరు పేరున ఏర్పరచిరి. పేరు లేని సహాయము ఎవరి గుమ్మమునకును చేరదు.

4. మన సంఘములో చేయదగినవి

ఒకటి: పుస్తకము వ్రాయుట. రోగము లేని దినములలోనే సంఘపెద్దలును స్త్రీల సమాజమువారును ఇంటింటికి వెళ్లి వ్రాసికొనవలెను. ఆరేండ్లలోపు పిల్లలెందరు, బడిపిల్లలెందరు, ఎవరు ఏ వేళ పనికి పోవుదురు, వృద్ధులున్నారా, ఫోను ఉన్నదా? భర్తలేని తల్లి, భార్యలేని తండ్రి ఉన్న యిండ్లు మొదటి పుటలో ఉండవలెను.

రెండు: జత యిండ్లు. ఒక యింటికి ఒకే యిల్లు జత. ఈనాడు వీరింట రేపు వారింట పిల్లలను త్రిప్పినచో రోగము ఊరెల్ల తిరుగును. రెండిండ్లే కలిసినచో ఆ రెండింటిలోనే ఆగుటకు వీలగును. ఇంగ్లండులో 2020 జూనునుండి ఒంటరిగా నివసించువారును, పిల్లలతో ఒంటరిగానున్న తల్లియో తండ్రియో గల యిండ్లవారును మరియొక యింటితో ఒకే యిల్లువలె కలియవచ్చునని ప్రభుత్వము అనుమతించెను. పిల్లలను చూచువారు వృద్ధులు కాక ఆరోగ్యవంతులై యుండవలెను. మూసిన గదికంటె వేపచెట్టు నీడ మేలు. ఎవరికైనను జ్వరము తగిలిన దినముననే జత యింటికి తెలుపవలెను.

మూడు: నర్సు, ఆశా కార్యకర్త, రోగి యున్న యిల్లు. ఈ యిండ్లలోనికి పోకయే చేయదగిన పనులు కలవు. వండిన అన్నము గుమ్మమునొద్ద ఉంచి దూరముగా నిలువవచ్చును; నీళ్లు తెచ్చి పెట్టవచ్చును; పశువులకు మేత వేయవచ్చును; సాయంకాలము ఫోనులో పిల్లలతో పది నిమిషములు మాటలాడవచ్చును. రోగము సోకిన బాలింత భయపడి బిడ్డకు పాలు మానిపింపనక్కరలేదనియు, మాస్కు ధరించి చేతులు కడుగుకొని పాలియ్యవచ్చుననియు కరోనా కాలమున ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా యిచ్చెను. ఈ సంగతి తెలియక అనేకులు తల్లినుండి బిడ్డను వేరుచేసిరి. అట్టి సందేహము కలిగినప్పుడు ఇరుగుపొరుగు మాటలను కాక ఆరోగ్య కేంద్రమునందలి డాక్టరును అడుగవలెను.

నాలుగు: చదువు. పది చదివిన యౌవనస్థుడో యౌవనస్థురాలో తన వీధిలోని నలుగురైదుగురు పిల్లలను ఆరుబయట దూరదూరముగా కూర్చుండబెట్టి గంటసేపు చెప్పవచ్చును. ఫోను గలవారు ఆ గంట దానిని అక్కడ ఉంచుట గొప్ప కానుక.

ఐదు: పనిచేయించువారు. మనలో చేను గలవారు, మేస్త్రీలు, దుకాణదారులు ఉన్నారు. బిడ్డకు జ్వరము వచ్చిన తల్లి గంట ఆలస్యముగా వచ్చినచో ఆమెను మరునాడు పనికి రావద్దనకుడి. నాట్లకు, కలుపునకు పదిమందిని పిలిచినప్పుడు ఒకరిని గట్టుమీద పిల్లలయొద్ద ఉంచి ఆమెకును అదే కూలి ఇయ్యుడి. ఐగుప్తు రాజకుమార్తె చేసినదానిని విశ్వాసి చేయలేడా?

ఆరు: గోడకు కులము లేదు. ప్రక్క యింటివారు మన ఆరాధనకు రానివారైనను ప్రక్క యింటివారే. వారి బిడ్డ ఆకలి మన పుస్తకములో ఎక్కవలెను.

5. తండ్రులకు ఒక మాట

సంఘము చేయవలసినది ఎంత యున్నను, మొదటి జత ఇంటిలోనే యున్నది. 2019లో భారత ప్రభుత్వము ఎవరి సమయము ఎట్లు గడుచుచున్నదో సర్వే చేయించెను. జీతము లేని ఇంటిపనిలో పాలుపొందు స్త్రీలు నూటికి 81 మంది, పురుషులు 26 మంది మాత్రమే. ఆ స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు ఆ పని చేయగా, ఆ పురుషులు చేయునది 97 నిమిషములు. ఇది తెగులు రాకమునుపటి లెక్క.

ఇద్దరును చేనికి పోయి ఇద్దరును అలసి వచ్చినప్పుడు, ఒకరు అరుగుమీద కూర్చుండి ఒకరు పొయ్యి ఊదుట న్యాయమా? ప్రభువు నడుమునకు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. ఆయన శిష్యుడు బిడ్డ ముఖము కడుగుటకు సిగ్గుపడరాదు. అంట్లు తోముటవలన తండ్రి గౌరవము తరుగదు. కుమారులు చూచి నేర్చుకొందురు.

ప్రియులారా, మేము మీ కొరకు ప్రార్థించుచున్నాము అని చెప్పుట మంచిదే. అయితే ప్రార్థించి లేచినవాడు గోడ ప్రక్కకు చూడవలెను. అక్కడ కుండ పొయ్యి ఎక్కినదా? పసివాని యొద్ద ఎవరున్నారు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిసినవాడే నిజమైన పొరుగువాడు.

గృహకూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఈ రాత్రి తలిదండ్రులిద్దరును జ్వరముతో పడినచో, మన వీధిలో ఏ యింటి పిల్లలకు చూచువారుండరు?
2. మీ యింటికి జత యిల్లు ఏది? వారితో ఈ సంగతి మాటలాడితిరా?
3. కరోనా కాలమున బడి మానిన బాలికలు మన గ్రామములో ఉన్నారా? వారి నిమిత్తము ఇప్పుడు ఏమి చేయగలము?
4. సంఘములో ఈ పుస్తకము వ్రాయు భారమును ఎవరికి అప్పగింతుము? వారి పేర్లు ఈ ఆదివారమే ప్రకటింపగలమా?

ప్రార్థనాంశములు: పనికి పోవు తల్లుల కొరకు, రోగుల సేవలోనున్నవారి పిల్లల కొరకు, ఒంటరిగా బిడ్డలను పెంచుచున్నవారి కొరకు, తోడుగా నిలుచు పొరుగువారి కొరకు.