ఇంట్లో కంప్యూటర్ ఉండగా అమీర్‌పేట ఎందుకు?

‘మా వాడికి డేటాబేస్ మీద ఇష్టమండి. ఇంట్లో సర్వర్లు ఉండవు కదా, కోచింగ్‌కు హైదరాబాద్ అమీర్‌పేట పంపకపోతే ఎలాగండి?’ భీమవరం తల్లిదండ్రుల నోట ఈ మాట తరచూ వింటున్నాను. రొయ్యల డబ్బు చేతికందగానే ఫీజు, హాస్టల్, కొత్త లాప్‌టాప్ అంటూ బయల్దేరుతున్నారు. కాస్త ఆగండి. డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ (డీబీఏ) కావాలనుకునే పిల్లలకు మొదట్లో కావలసిన సాధన 8 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్ మీదే జరిగిపోతుంది.

ఒకే లోగిలిలో అన్నదమ్ములు వేరు కుంపట్లు పెట్టుకున్నట్టు ఒకే మెషిన్‌లో మూడు మైసీక్వెల్ ఇన్‌స్టెన్సులు (విడివిడిగా నడిచే డేటాబేస్ సర్వర్లు) నడపొచ్చు. దేని డేటా డైరెక్టరీ దానిది, దేని సాకెట్ ఫైలు దానిది. పోర్టులు 3306, 3307, 3308. ఒక్కో ఇన్‌స్టెన్సు మెమరీలో వాడుకునే బఫర్ పూల్ డిఫాల్ట్‌గా 128 ఎంబీయే కాబట్టి ర్యామ్ చాలదన్న బెంగ అక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్‌లోనూ 5432 పక్కనే 5433లో ఇంకొకటి లేపుకోవచ్చు. మైసీక్వెల్, పోస్ట్‌గ్రెస్ రెండూ ఉచితమే. ఒరాకిల్ ఉచిత ఎడిషన్ మాత్రం ఒక మెషిన్‌పై ఒకదానికే ఒప్పుకుంటుంది, దాన్ని తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు మైసీక్వెల్ ఇన్‌స్టెన్సుల్లో ఒకదాన్ని ప్రైమరీగా, ఇంకొకదాన్ని దాని నకలుగా నడిచే రెప్లికాగా కలపాలి. తొందరపడి డేటా డైరెక్టరీని యథాతథంగా కాపీ చేస్తే అందులోని ఆటో.సీఎన్‌ఎఫ్ ఫైలు, దాంతోపాటు సర్వర్ యూయూఐడీ కూడా వచ్చేస్తాయి. రెండింటి గుర్తింపూ ఒకటే కావడంతో రెప్లికేషన్ మొరాయిస్తుంది. ఎర్రర్ లాగ్ చదివి కారణం పట్టుకుని, ఆ ఫైలు తీసేసి మళ్లీ స్టార్ట్ చేసిన పిల్ల ఆ రోజు నేర్చుకున్నది ఏ క్లాసు నోట్సులోనూ దొరకదు.

కంపెనీలూ ఒకే మెషిన్‌లో ఇలా ఒకటికి మించి ఇన్‌స్టెన్సులు నడుపుతాయి. పాత వెర్షన్ పక్కనే కొత్తదాన్ని పరీక్షించడానికి, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనైతే లైసెన్సు ఖర్చు కలిసొస్తుందని కూడా. అయితే 8 జీబీ మెషిన్‌లో రెండు ఇన్‌స్టెన్సులకూ చెరో 6 జీబీ బఫర్ పూల్ రాసిచ్చారనుకోండి, లోడు పెరిగినప్పుడు మెమరీ చాలక లైనక్స్ ఒకదాన్ని చంపేస్తుంది. ప్రైమరీ, రెప్లికా ఒకే డిస్కులో ఉంటే డిస్కు పోయిన రోజు రెండూ పోతాయి. ఇలాంటివి స్వయంగా చేసి చూసినవాళ్లు ఇంటర్వ్యూలో తడుముకోరు.

నాకు అసలు కోపం వచ్చేది మరో చోట. కొన్ని కోచింగ్ సెంటర్లు ‘మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు మేమే ఇప్పిస్తాం’ అంటాయి. దయచేసి ఆ గడప తొక్కకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడితే ఉద్యోగం పోతుంది, మచ్చ మిగులుతుంది, ఆ భారం మోసేది ఇరవై రెండేళ్ల పిల్లలు. పక్కింటి అబ్బాయి డేటా సైన్స్‌లో చేరాడని మీ అమ్మాయినీ అందులోకి తోయడం కూడా ఆపండి. లాగ్ ఫైళ్లు ఓపిగ్గా చదివే స్వభావం ఉన్న పిల్లకు డీబీఏ పనే మేలని నా అభిప్రాయం. క్లౌడ్ వచ్చినా బ్యాకప్ సరిగా తిరిగొస్తుందో లేదో చూసే మనిషి కావాలి. రాత్రి డ్యూటీలు మాత్రం తప్పవు, ఆ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

డీబీఏ ఉద్యోగానికి సాధారణంగా అడిగే అర్హత: బీటెక్, బీసీఏ, ఎంసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్.

ఆరు నెలలు ఇంట్లో సాధన చేశాక కూడా కోచింగ్ కావాలనిపిస్తే, డెమో క్లాసులో ఒక్కటే అడగండి: ‘నడుస్తున్న డేటాబేస్‌ను పాడుచేసి, బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టే పని మా పిల్ల చేత చేయిస్తారా?’ స్లైడ్లు చూపిస్తామంటే ఫీజు కట్టకుండా వచ్చేయండి.