పుబ్బ కార్తెలో వాము

వాము నల్లరేగడి చేల పంట. వానలు వెనకపట్టాక నేలలో మిగిలిన పదును మీద పెరిగి, చలిరోజుల్లో పూసి, మాఘమాసానికల్లా గింజ ఇస్తుంది. కర్నూలు, నంద్యాల జిల్లాల్లోనూ, తుంగభద్రకు అవతల గద్వాల ప్రాంతంలోనూ వర్షాధారంగా దీన్ని సాగుచేసే రైతులున్నారు. మార్కెట్లో ఎక్కువగా ‘వాములు’ అంటారు. కొన్ని ఇళ్లలో ఇంకా ఓమ అనే పేరే నడుస్తోంది.

ధనియాలు, జీలకర్ర, సోంపు, క్యారెట్, వాము ఒకే కుటుంబానివి. గొడుగు ఊచల్లా ఒకే చోటి నుంచి విచ్చుకున్న కాడల చివర చిన్న పూలు పూయడం ఈ కుటుంబపు గుర్తు. వాము మొక్క రెండు మూడు అడుగుల ఎత్తు పెరుగుతుంది. ఆకులు సోయకూరలా దారాలు దారాలుగా చీలి ఉంటాయి. గింజ అని పిలిచేది నిజానికి కాయ. పొడవు 2 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. దాని మీద నిలువు గీతలు, గరుకుదనం కనిపిస్తాయి. ఘాటంతా ఆ పైపొరలోని సన్నని గొట్టాల్లో ఉన్న నూనెది. గింజ బరువులో 2 నుంచి 4 శాతం దాకా ఉండే ఆ నూనెలో ప్రధానమైనది థైమాల్. నోరు పుక్కిలించే కొన్ని మందుల్లో తగిలే వాసనలో దీని పాలు ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు థైమాల్ తీయడానికి భారతదేశపు వాము ఓడల్లో జర్మనీకి వెళ్లేది. యుద్ధంతో ఆ వ్యాపారం ఆగింది. తర్వాత థైమాల్‌ను కర్మాగారాల్లోనే తయారుచేయడం వచ్చింది. ఇప్పుడు వాముకు గిరాకీ ప్రధానంగా వంటింటిది. జంతికలు, మిరపకాయ బజ్జీల్లో కూరే ముద్ద, పిల్లల కడుపునొప్పికి కాచే వాము నీళ్లు, ఇవే దాని ఖాతాదారులు.

వాము పండే చేలో షాజీరా పండదా అన్నది రైతుల్లో తరచు వినిపించే ప్రశ్న. బిర్యానీలో పడే ఆ సన్నటి నల్లజీలకర్ర ధర చూస్తే ఆశ పుట్టడం సహజమే. అయితే షాజీరా పేరుతో అంగట్లో రెండు వేర్వేరు మొక్కల గింజలు అమ్ముతున్నారు. ఒకటి ఐరోపా వాళ్లు రై రొట్టెల్లో, క్యాబేజీ వంటకాల్లో వేసుకునే కారవే. నెదర్లాండ్స్, జర్మనీ, ఫిన్లాండ్ దీనికి పేరుపొందిన నేలలు. మొదటి ఏడాది కేవలం ఆకు వేసి, చలికాలపు గడ్డు చలి తిన్నాకే రెండో ఏడు పూయడం అక్కడి ప్రధాన రకాల తీరు. దాని వాసన కార్వోన్ అనే పదార్థానిది. స్పియర్‌మింట్ పుదీనా వాసనా కార్వోన్‌దే. ఆ రెంటి అణువులు కుడిచేయి, ఎడమచేయిలా ఒకదానికొకటి ప్రతిబింబాలు కావడంతో ముక్కుకు వేరువేరుగా తెలుస్తాయి. షాజీరా పేరుతో అమ్మే రెండోది హిమాలయాల్లో పండే కాలా జీరా. దీని మొక్క నేలలో దుంప ఊరి, విత్తిన మూడు నాలుగేళ్లకు గానీ పూతకు రాదు. హిమాచల్‌ప్రదేశ్ కాలా జీరాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ రెంటికీ కావలసిన చలి కర్నూలులోనూ లేదు, వికారాబాద్‌లోనూ లేదు. ఈజిప్టులాంటి చోట్ల ఒకే ఏడాదిలో పూసే కారవే రకాలు ఉన్న మాట నిజం. కానీ కిరాణా కొట్టులో కొన్న పొట్లంలోది ఏ రకమో ఎవరూ చెప్పలేరు. దాన్ని విత్తనంగా నమ్మి ఎకరం దున్నడం డబ్బును మట్టిలో పోయడమే. మన చలి చాలే గొడుగుపూల పంటలు ధనియాలు, వాము. ధనియాల సంగతి చాలామందికి తెలిసిందే.

వాము విత్తడానికి వర్షాధారంగా మఖ, పుబ్బ కార్తెలు అనువు. అంటే ఆగస్టు మూడో వారం నుంచి సెప్టెంబరు రెండో వారం దాకా. వాన ఆలస్యమైతే ఉత్తర కార్తె దాకా ఆగవచ్చు. ఆ తర్వాత వర్షాధారంగా విత్తితే గింజ పాలు పోసుకునే వేళకు నేల నెర్రెలు విచ్చి, చెట్టు నిలువునా ఎండుతుంది. మరీ ముందుగా విత్తితే జడివానలకు లేత మొలక కుళ్లిపోయి సాళ్లలో సందులు పడతాయి. బోరు కింద వేసేవారికి ఈ తొందర లేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తుకున్నా పంట చేతికొస్తుంది. తొలకరికి పెసర వేసి తీసిన నల్లరేగడి, వాముకు బాగా కుదురుతుంది. నీరు నిలిచే పల్లపు చేలు, చౌడు నేలలు పనికిరావు. గత ఏడాది వాములో వేరుకుళ్లు కనిపించిన చేలో మళ్లీ వాము గానీ, ధనియాలు గానీ వేయకూడదు.

గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం నుంచి వచ్చిన లాం సెలక్షన్-1, లాం సెలక్షన్-2 ఆంధ్ర నేలలకు తెలిసిన రకాలు. ఇవి 135 నుంచి 145 రోజుల్లో కోతకు వస్తాయి. రాజస్థాన్‌లోని అజ్మీర్‌లో 2000లో ఏర్పాటైన జాతీయ విత్తన సుగంధ ద్రవ్యాల పరిశోధన కేంద్రం కూడా వాము రకాలు విడుదల చేసింది. వాటిలో ఏఏ-1 ఎక్కువ కాలం తీసుకుంటుంది, నీటి వసతి ఉన్న చోటికి సరిపోతుంది. ఏఏ-93 త్వరగా కోతకొచ్చే రకం. వర్షాధారపు రైతు ముందుగా చూసుకోవలసింది కాలమే, దిగుబడి అంకె తర్వాతి మాట.

సొంత విత్తనం వాడేవారు గత పంట గింజనే వాడాలి. వాము విత్తనం పాతబడితే మొలక శాతం పడిపోతుంది. విత్తడానికి 15 రోజుల కంటే ముందే 100 గింజలు లెక్కబెట్టి, తడి గోనెగుడ్డలో చుట్టి నీడన ఉంచాలి. వాము మొలకెత్తడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది కాబట్టి నాలుగో రోజున విప్పి చూసి నిరుత్సాహపడనక్కర్లేదు. పదిహేనో రోజుకు 60 కంటే తక్కువ మొలకలు ఉంటే ఆ విత్తనం వంటింటికి పంపి, కొత్తది తెచ్చుకోవడం మేలు.

సాళ్లలో వేస్తే ఎకరానికి కిలో నుంచి కిలోన్నర విత్తనం చాలు. ఇంత సన్నగింజను ఎకరమంతటా సమంగా రాల్చడమే ఈ పంటలో అన్నిటికన్నా కష్టమైన పని. ఒంటిగా జడ్డిగంలో పోస్తే మొదటి నాలుగు సాళ్లలోనే అయిపోతుంది. అందుకని గింజకు పది పదిహేను రెట్లు పొడి ఇసుక గానీ, జల్లెడ పట్టిన పశువుల ఎరువు గానీ కలుపుతారు. కలిపి ఊరుకుంటే చాలదు. గొర్రు కదులుతుంటే ఇసుక అడుక్కు దిగి, గింజ పైకి తేలుతుంది. జడ్డిగం పట్టిన మనిషి నాలుగైదు సాళ్లకోసారి వేళ్లతో అడుగుదాకా కలియబెడుతూ ఉండాలి. కలిపేముందు కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడె పట్టించడం వేరుకుళ్లు నుంచి కాపాడుతుంది. సాలుకు సాలుకు 45 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. గింజ సెంటీమీటరు, సెంటీమీటరున్నర లోతులోనే పడాలి. గొర్రు పళ్లు లోతుగా దిగితే ఆ మొలక మట్టిని చీల్చుకుని పైకి రాలేదు. విత్తాక పలుగు మానుతో తేలిగ్గా కప్పితే చాలు.

20, 25 రోజులకు ఒత్తుగా ఉన్న చోట మొక్కలు పీకి, మొక్కకు మొక్కకు 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎడం ఉంచాలి. పచ్చని మొక్కలు పీకడానికి చాలామందికి చేయి రాదు. పీకని చేలో మొక్కలు సన్నగా పైకి సాగి, కొమ్మ కట్టక, ఒక్కో చెట్టుకు రెండు మూడు గొడుగులతో సరిపెట్టుకుంటాయి. పీకిన లేత మొక్కలు పప్పులోకి బాగుంటాయి. మొదటి 45 రోజులు వాము చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఆ రోజుల్లో కలుపు మీరితే పైరు మళ్లీ కోలుకోదు. రెండుసార్లు దంతి తోలి, సాళ్లలోపలి కలుపు చేత్తో తీయించాలి. దంతి తోలితే పైమట్టి పొడిబారి నెర్రెలు మూసుకుంటాయి, అడుగు పదును నిలుస్తుంది.

ఎరువుల విషయంలో వాము మితభోజి. ఆఖరి దుక్కిలో ఎకరానికి 4 టన్నుల పశువుల ఎరువు వేస్తే సగం పని అయినట్టే. భాస్వరం, పొటాష్ భూసార పరీక్ష చూసి దుక్కిలోనే వేయాలి. యూరియా ఎక్కువైన చేను చూడ్డానికి నిగనిగలాడుతుంది గానీ పూత వెనకబడుతుంది, బూడిద తెగులు ముందొస్తుంది. నీటి వసతి ఉంటే కొమ్మ వేసేటప్పుడు, పూతలో, గింజ గట్టిపడే ముందు ఒక్కో తడి ఇవ్వాలి. అక్టోబరు తుపాను వానలకు నీరు నిలిస్తే ఆ రోజే కాల్వ తీసి బయటికి పంపాలి.

పూత మొదలయ్యాక మబ్బు పట్టి, మంచు కురిసే రోజుల్లో రెండు బెడదలు వస్తాయి. ఆకుల మీదా కాడల మీదా పిండి చల్లినట్టు కనిపిస్తే బూడిద తెగులు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి పిచికారీ చేయాలి. తెగులు తగ్గకపోతే 15 రోజులకు మరోసారి కొట్టవచ్చు. మిట్టమధ్యాహ్నపు ఎండలో గంధకం కొడితే ఆకులు మాడతాయి. రెండోది పేనుబంక. గొడుగుల అడుగున గుంపులుగా చేరి రసం పీలుస్తుంది, చెట్టు జిగటగా తయారవుతుంది. మొదట్లోనే 5 శాతం వేపగింజల కషాయం కొడితే అదుపులో ఉంటుంది. మరీ మీరితే ఉద్యాన అధికారిని అడిగి మందు ఎంచుకోవాలి. వాము పూలకు తేనెటీగలు విపరీతంగా వస్తాయి, గింజ కట్టడంలో వాటి పాత్ర పెద్దది. పూతమీదున్న చేలో పొద్దున పురుగుమందు కొట్టడమంటే కూలి తీసుకోకుండా పనిచేసే వాటిని తరిమేయడమే. తప్పనిసరైతే సాయంత్రం, ఈగలు గూటికి చేరాక కొట్టాలి.

గొడుగులు పచ్చదనం పోయి గోధుమరంగుకు తిరిగినప్పుడు కోత మొదలుపెట్టాలి. అన్ని గొడుగులూ ఒకేసారి పండవు. చివరిదాని కోసం కాచుకుంటే మొదటివి రాలిపోతాయి. మంచు ఆరకముందే, తెల్లవారుజామున కోస్తే గింజ నేలపాలు కాదు. కోసిన ఓదెలను టార్పాలిన్ పట్టా మీద పలచగా పరిచి నాలుగైదు రోజులు ఆరనిచ్చి, కర్రలతో తేలిగ్గా కొట్టి, తూర్పారబట్టాలి. తారు రోడ్డు మీద, ఎర్రటి ఎండలో ఆరబెట్టిన గింజలో ఘాటైన నూనె కొంత గాలికి పోతుంది. రాళ్లూ చమురు మరకలూ అదనం. తేమ 10 శాతం లోపుకు వచ్చాక కొత్త గోతాల్లో నింపి, నేలకు తగలకుండా చెక్కల మీద పేర్చాలి. వర్షాధారంగా ఎకరానికి మూడు నాలుగు క్వింటాళ్లు వస్తే మంచి పంటే.

కర్నూలు మార్కెట్ యార్డులో వాము వేలం నడుస్తుంది. గుజరాత్‌లో జామ్‌నగర్ ఈ సరుకుకు పెద్ద మండి. అక్కడి రాబడి ఎక్కువైతే ఇక్కడి ధర కదులుతుంది. యార్డులో కొనేవారు పరీక్ష యంత్రంతో చేయరు. గుప్పెడు గింజ తీసి అరచేతుల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంటారు. తర్వాత ఊది చూస్తారు. అరచేతిలో పుల్లలు, మట్టి మిగిలితే ధర అక్కడికక్కడే తగ్గుతుంది. రెండుసార్లు జల్లెడ పట్టే కూలి ఖర్చు ధరలో పడే ఈ కోత కంటే తక్కువ.

పెరట్లోనూ వాము పెంచుకోవచ్చు. అయితే కుండీల్లో చాలామంది పెంచే మందపాటి, నూగు ఆకుల మొక్క వాము కాదు. దాని పేరు కర్పూరవల్లి, తులసి కుటుంబానిది. నలిపితే వాము వాసన వస్తుంది కనుక వామాకు అన్నారు, ఆ ఆకుతో బజ్జీలు వేస్తారు. దాన్ని కొమ్మ విరిచి గుచ్చితే బతుకుతుంది. అసలు వామును మాత్రం విత్తనం నుంచే పెంచాలి. నారు పోసి నాటితే తల్లివేరు దెబ్బతింటుంది కాబట్టి మడిలో నేరుగా చల్లుకోవడమే మంచిది. ఎండ బాగా తగిలే చోట రెండు గజాల మడి ఒక ఇంటికి సరిపోతుంది. వినాయక చవితి నాటికి విత్తిన మడి సంక్రాంతి జంతికలకు అందదు. గింజ శివరాత్రి నాటికి చేతికొస్తుంది.