మెదడులోని కాలువలు

విజయవాడ యొద్ద ప్రకాశము బ్యారేజి నుండి కృష్ణాజలములు కాలువల వెంబడి పొలములకు పోవుట మనమెల్లరము చూచుచున్నదే. కాలువ తెగిన యెడల దాని క్రింది చేలు ఎండును.

మన మెదడునందును ఇట్టి మార్గములు కలవు. సన్నని నరపు పోగులు కట్టలుగా కూడి ఒక భాగమునుండి మఱియొక భాగమునకు వార్తలను కొనిపోవును. దీనిని శ్వేతపదార్థమందురు. కంతిని తీయు వైద్యుని కత్తి ఈ పోగులను త్రెంచెనేని రోగికి మాటయో, కాలుసేతుల కదలికయో పోవచ్చును. ఏ కట్ట ఎటు పోవుచున్నదో కంటికి తెలియుట కష్టము.

అయితే మెదడులోని నీటికణములు పోగుల వెంబడి సులభముగాను, అడ్డముగా కష్టముగాను కదలును. ఎం.ఆర్.ఐ. యంత్రముతో ఈ కదలికను కొలిచి పోగుల దారిని పటముగా గీయవచ్చును. 1994లో పీటరు బాసరు మొదలగువారు ఇందులకు మూలమైన పద్ధతిని ప్రకటించిరి. బాల్యమున మన నూజివీడు, నందిగామలలో చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1945లో తెలిపిన గణితసూత్రమును, ఇట్టి పటములను విభజించుటకు పరిశోధకులు కొందరు తరువాత వాడిరి.

ఐనను కంతి చుట్టు వాపున్నచో పటము పొరపడవచ్చును. కావున కొన్ని శస్త్రచికిత్సలలో వైద్యులు రోగిని మెలకువగా నుంచి, మాటలాడించుచు, స్వల్పవిద్యుత్తుతో ఆ చోటును పరీక్షించిన పిమ్మటనే కోయుదురు. కాలువ పటము చేతనుండినను లస్కరు గట్టు వెంబడి నడచి చూడక మానడు గదా!