రిచ్మండ్ శాసనసభా భవనం – అక్కడి విగ్రహాలు

పిల్లలూ! అమెరికాలో 50 రాష్ట్రాలున్నాయి. ప్రతి రాష్ట్రానికీ ఒక రాజధాని నగరం, ఆ నగరంలో ఒక శాసనసభా భవనం ఉంటాయి. ఇంగ్లీషులో ఈ రెండింటినీ ఒకే విధంగా ‘కాపిటల్’ అని పలుకుతారు. రాతలో ఒక్క అక్షరమే తేడా. తెలుగులో ఈ చిక్కు లేదు. నగరం రాజధాని, చట్టాలు చేసే చోటు శాసనసభా భవనం. ఈ పాఠంలో వర్జీనియా రాష్ట్ర శాసనసభా భవనాన్ని చూద్దాము.

భవనం

వర్జీనియా రాజధాని రిచ్మండ్. 1780లో విలియమ్స్‌బర్గ్ నుండి రాజధాని ఇక్కడికి మారింది. కొత్త శాసనసభా భవనం ఎలా ఉండాలో నిర్ణయించినవారు థామస్ జెఫర్సన్. తరువాత ఆయన అమెరికాకు మూడవ అధ్యక్షుడైనారు. ఆ పని చేసేటప్పుడు ఆయన ఫ్రాన్సులో ఉన్నారు. అక్కడ నీమ్ అనే ఊరిలో పురాతనమైన రోమన్ ఆలయం ఒకటి ఉన్నది. దాని చిత్రాలను చూసి జెఫర్సన్ ముచ్చటపడ్డారు. క్లెరిసో అనే ఫ్రెంచి వాస్తుశిల్పి సహాయంతో నమూనా తయారు చేయించి వర్జీనియాకు పంపారు. 1785లో శంకుస్థాపన జరిగింది. 1788లో శాసనసభ మొదటిసారి ఇందులో సమావేశమైనది.

తెల్లని గోడలు, ఎత్తైన స్తంభాలు దూరం నుండే కనబడతాయి. లోపల గుమ్మటం ఉన్నది గాని అది బయటికి కనబడదు. ప్రవేశ రుసుము లేదు. ఎవరైనా వెళ్ళి చూడవచ్చు.

పాలరాతి విగ్రహం

గుమ్మటం కింద జార్జి వాషింగ్టన్ విగ్రహం ఉన్నది. దీనిని చెక్కిన శిల్పి ఫ్రాన్సుకు చెందిన ఊడన్. ఆయన 1785లో సముద్రం దాటి వచ్చి, వాషింగ్టన్ ఇంటికి వెళ్ళి, ముఖానికి అచ్చు తీసుకొన్నారు. 1796లో విగ్రహం రిచ్మండ్ చేరింది.

ఈ విగ్రహాన్ని శ్రద్ధగా చూడండి. యుద్ధంలో గెలిచిన సేనానికి కత్తి చేతిలో ఉండాలి కదా! ఇక్కడ కత్తి పక్కన వేలాడుతున్నది. చేతిలో ఉన్నది చేతికర్ర. వెనుక నాగలి ఉన్నది. యుద్ధం ముగిసిన తరువాత అధికారం వదలి పొలానికి తిరిగి వెళ్ళిన మనిషి అని శిల్పి చెబుతున్నాడు. మాటలు లేకుండా కథ చెప్పడమే శిల్పి నేర్పు.

బడి పిల్ల విగ్రహం

భవనం చుట్టూ ఉన్న తోటలో మరొక స్మారకం ఉన్నది. గ్రానైటు దిమ్మె నాలుగు వైపులా 18 కంచు విగ్రహాలు నిలిచి ఉంటాయి. వాటిలో ఒకటి బార్బరా జాన్స్ అనే బడి పిల్లది.

ఆ రోజులలో వర్జీనియాలో తెల్లపిల్లలకు ఒక బడి, నల్లజాతి పిల్లలకు వేరొక బడి. ఫార్మ్‌విల్ ఊరిలో బార్బరా చదివే బడి సుమారు 180 మందికి కట్టినది. అందులో 450 మందికి పైగా చదివేవారు. చోటు చాలక తారు కాగితం కప్పిన షెడ్లలో పాఠాలు చెప్పేవారు. వానకు అవి కారేవి. పెద్దలు ఎన్నిసార్లు అడిగినా కొత్త బడి రాలేదు.

1951 ఏప్రిల్ 23న బార్బరా పిల్లలందరినీ సమావేశపరచి మాట్లాడింది. అప్పుడు ఆమె వయస్సు 16 సంవత్సరాలు. పిల్లలు బడి విడిచి బయటికి వచ్చి సమ్మె చేశారు. వారి తరఫున ఇద్దరు న్యాయవాదులు దావా వేశారు. అటువంటి మరి నాలుగు దావాలతో కలిపి 1954లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జాతిని బట్టి పిల్లలను వేరు బడులలో ఉంచడం చట్టవిరుద్ధమన్నది.

అయితే విజయం సులభంగా దక్కలేదు. బార్బరా క్షేమం కోసం తల్లిదండ్రులు ఆమెను వేరే రాష్ట్రంలోని బంధువుల ఇంటికి పంపించారు. తెల్లపిల్లలతో కలిపి చదివించడం ఇష్టంలేక ఆ కౌంటీ అధికారులు 1959 నుండి 1964 వరకు ప్రభుత్వ బడులనే మూసివేశారు. బార్బరా పెద్దదై గ్రంథాలయంలో పనిచేసింది. 1991లో మరణించింది. ఈ స్మారకం 2008లో వెలసింది. తన విగ్రహాన్ని ఆమె చూడలేదు.

మారే విగ్రహాలు

భవనం లోపలి పాత సభామందిరంలో సేనాని రాబర్ట్ లీ కంచు విగ్రహం ఉండేది. బానిసత్వం నిలవాలని కోరిన దక్షిణ రాష్ట్రాల పక్షాన యుద్ధం చేసినవాడు ఆయన. 2020 జూలైలో దానిని తీసివేశారు. అంతకుముందే తోటలో 2018లో అక్కడి ఆదివాసి తెగల స్మారకం, 2019లో స్త్రీల స్మారకం వెలిశాయి. రాయి మారదు గాని, ఎవరిని గౌరవించాలన్న ఆలోచన మారుతుంది.

కాబట్టి విగ్రహం చూసినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎవరిది? ఎప్పుడు, ఎవరు పెట్టారు? ఇక్కడ ఉండవలసినవారు ఇంకెవరు?

కొత్త మాటలు

శంకుస్థాపన – కట్టడానికి మొదటి రాయి వేయడం
స్మారకం – జ్ఞాపకం కోసం నిలిపినది
దావా – న్యాయస్థానంలో వేసే వ్యాజ్యం

అభ్యాసం

1. వాషింగ్టన్ విగ్రహంలో నాగలి ఎందుకున్నది?
2. బార్బరా బడిలోని ఇబ్బందులేవి?
3. లీ విగ్రహాన్ని తీసివేయడం సరియైనదేనా? మీ కారణాలు మూడు వాక్యాలలో రాయండి.
4. మీ అమ్మమ్మనో తాతయ్యనో అడగండి: వారి ఊరి కూడలిలో ఎవరి విగ్రహం ఉన్నది? దానిని ఎందుకు పెట్టారు? విన్నది తెలుగులో రాసి తరగతిలో చదవండి.