నడిచే వీధికి కూర్చునే చోటు



పూర్వం మన ఊళ్లలో ఇంటి ముందు అరుగు, చెట్టు కింద రచ్చబండ ఉండేవి. బాటసారి కాసేపు కూర్చుని సేదతీరేవాడు. నేటి నగరాల్లో కాలిబాట ఉన్నా కూర్చునే చోటు అరుదు. మోకాళ్ల నొప్పులున్న బామ్మకు మార్కెట్ అరకిలోమీటరే కావచ్చు. దారిలో ఒక్క బల్ల లేకపోతే ఆమె ఆటో ఎక్కాలి, లేదా ఇల్లు కదలడమే మానేయాలి. గర్భిణులకూ ఇదే ఇబ్బంది.

న్యూయార్క్‌లో 1970లలో విలియం వైట్ అనే పరిశోధకుడు భవనాల ముందున్న ఖాళీ స్థలాలను కెమెరాతో పరిశీలించాడు. కొన్ని కళకళలాడడానికి, కొన్ని వెలవెలబోవడానికి ముఖ్య కారణం కూర్చునే వసతే అని తేల్చాడు. దాంతో 1975లో నగర నిబంధనలు మారాయి. అటువంటి స్థలంలో ప్రతి 30 చదరపు అడుగులకు ఒక అడుగు పొడవు ఆసనం తప్పనిసరి చేశారు.

చెన్నై పాండీ బజార్‌లో 2019లో కాలిబాటలు వెడల్పు చేసి బల్లలు వేశారు. అది ఉన్న త్యాగరాయ నగర్, తెలుగువారైన సర్ పిట్టి త్యాగరాయ శెట్టి పేరిట వెలిసినదే.

నలుగురు కూర్చున్న వీధిలో ఒంటరిగా నడిచే ఆడపిల్లకు ధైర్యం, చిన్న దుకాణానికి బేరం. అయితే బల్ల నీడలో ఉండాలి, నడకకు అడ్డు రాకూడదు.

అభ్యాసం: ఈ ఆదివారం ఇంట్లోని పెద్దలతో కలిసి బజారుకు నడవండి. వారు ఎక్కడెక్కడ ఆగారో రాసుకోండి. అక్కడ బల్ల వేయమని తల్లిదండ్రుల సాయంతో మునిసిపాలిటీకి అర్జీ పెట్టండి.